ఎర్రగీతకు ఆవలి బాలలు

శికాగో పేరు చెవిని పడగానే భారతీయ పాఠకునికి 1893 నాటి సర్వమత మహాసభ, అందు వివేకానందస్వామి చేసిన ప్రసంగం జ్ఞాపకానికి రావడం సహజం. ఆ సభ జరిగిన భవనం మిషిగన్ సరస్సు తీరానికి చేరువలో నేటికీ నిలిచి ఉన్నది. అక్కడి నుండి తీరం వెంబడి దక్షిణంగా మూడు నాలుగు మైళ్ళు సాగితే 29వ వీధి వస్తుంది. మహాసభ ముగిసిన 26 సంవత్సరాలకు, 1919 జూలై 27వ తేదీ ఆదివారంనాడు, ఆ వీధి చివర సరస్సు నీటిలో ఒక బాలుడు మరణించినాడు.

అతని పేరు యూజీన్ విలియమ్స్. వయస్సు 17 సంవత్సరాలు. నల్లజాతివాడు. ఎండ తీవ్రంగా ఉన్న ఆ మధ్యాహ్నం స్నేహితులతో కలిసి, తామే కట్టుకొన్న తెప్పను ఆధారం చేసుకొని నీటిలో ఆడుకొంటున్నాడు. ఆ తీరంలో తెల్లజాతివారు స్నానమాడే చోటు ఒకటి, నల్లజాతివారు స్నానమాడే చోటు మరొకటి. రెంటి మధ్య కంచె లేదు, పలక లేదు, చట్టమూ లేదు. అందరికీ తెలిసిన గీత ఒకటి మాత్రం ఉన్నది. అలల తాకిడికి తెప్ప ఆ గీతను దాటినది. ఒడ్డునున్న తెల్లజాతివాడొకడు రాళ్ళు రువ్వనారంభించినాడు. బాలుడు నీట మునిగిపోయినాడు. రాళ్ళు రువ్విన వానిని పట్టుకొమ్మని జనం వేడుకొన్నా అక్కడి పోలీసు నిరాకరించినాడు. ఆ సాయంకాలం చెలరేగిన అల్లర్లు వారం దినాలు సాగినవి. 38 మంది ప్రాణాలు కోల్పోయినారు. వారిలో 23 మంది నల్లజాతివారు, 15 మంది తెల్లజాతివారు. గాయపడినవారు 500లకు పైగా. ఇండ్లు కాలిపోయి నిరాశ్రయమైన కుటుంబాలు సుమారు వేయి.

నూరేండ్లు గడచినవి. నీటిలో గీత చెరిగిపోయినది. కాని అమెరికాలో పదునెనిమిదేండ్లలోపు బాలబాలికలలో ఎవరు హింసకు గురి అవుతున్నారు, ఎవరు కావడం లేదు అని లెక్కలు తీసినప్పుడెల్లా ఏదో ఒక గీత ఇప్పటికీ అగుపిస్తున్నది. ఆ గీత దేనిది? రక్తానిదా, చర్మానిదా, వీధిదా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడంలో అమెరికన్ సమాజ శాస్త్రజ్ఞులు దాదాపు ఒక శతాబ్దం గడిపినారు. ఆ అన్వేషణలో అధిక భాగం ఆ శికాగో నగరంలోనే జరగడం విశేషం.

ముందుగా లెక్కలు ఎట్లా పుట్టినవో తెలుసుకోవాలి. పోలీసు రికార్డులలో ఉండేది పోలీసుల వరకు వచ్చిన నేరం మాత్రమే. దెబ్బతిన్న బాలుడు ఠాణాకు పోవడం అరుదు. కొట్టినవాడు పక్క వీధివాడై ఉంటాడు. రేపు అదే దారిన బడికి పోవాలి. ఫిర్యాదు చేస్తే కలిగే మేలు అనుమానం, కీడు నిశ్చయం. ఈ సంగతిని గుర్తించి 1966లో అధ్యక్షుడు జాన్సన్ నియమించిన సంఘం సుమారు పదివేల ఇండ్లలో విచారణ జరిపించగా, పోలీసులకు తెలిసిన దానికంటె జరుగుతున్న నేరం ఎంతో ఎక్కువని వెల్లడైనది. ఆ అనుభవంతోనే 1970 దశకం ఆరంభం నుండి జాతీయ సర్వే ఒకటి నడుస్తున్నది. జనగణన శాఖ ఉద్యోగులు దేశమంతటా ఎంపిక చేసిన ఇండ్లకు పోయి, లేదా ఫోనులో పలకరించి, 12 సంవత్సరాలు నిండిన ప్రతి వ్యక్తినీ విడివిడిగా ప్రశ్నిస్తారు. గడచిన ఆరు నెలల్లో నిన్ను ఎవరైనా కొట్టినారా? బెదిరించినారా? నీ వద్దనుండి ఏదైనా బలవంతాన లాగుకొన్నారా? ఎక్కడ, ఎవరు, చేతిలో ఏమున్నది? ఒకే ఇంటికి ఆరేసి నెలలకొకసారి, మొత్తం మూడున్నరేండ్లపాటు తిరిగి తిరిగి వస్తారు. ఆ విధంగా పోగైన సమాధానాలనుబట్టి చూస్తే హింసాత్మక నేరాలలో ఇంచుమించు సగం పోలీసుల దృష్టికే రావు. బాలల విషయంలో దాగిపోయే భాగం పెద్దల కంటె ఇంకా ఎక్కువ.

ఈ సర్వేకు లోపాలు లేకపోలేదు. పన్నెండేండ్లలోపు పసివారిని ఇది అడగదు. జైళ్ళలో ఉన్నవారికి, వీధులలో పడుకొనేవారికి ఇందు చోటు లేదు. అన్నింటికంటె ముఖ్యంగా, చనిపోయినవాడు ప్రశ్నకు బదులు చెప్పలేడు గనుక హత్యల లెక్క ఇందు ఉండదు. దానిని మరణ ధ్రువపత్రాల నుండి వేరుగా తీసుకోవలసి ఉంటుంది.

ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూచినప్పుడు ఒక విచిత్రం కనిపిస్తుంది. బెదిరింపులు, చేతితో కొట్టడం వంటి సామాన్యమైన దాడులలో తెల్లజాతి బాలునికి, నల్లజాతి బాలునికి మధ్య వ్యత్యాసం పెద్దగా లేదు. బడి ఆవరణలో తన్నులు తినడం ఏ ఒక్క జాతికో పరిమితం కాదన్నమాట. దారిదోపిడీ దగ్గరకు, ఆయుధంతో చేసే దాడి దగ్గరకు వచ్చేసరికి వ్యత్యాసం పెరుగుతుంది. తుపాకి కనిపించిన చోట మరింత పెరుగుతుంది. మరణం దగ్గర అది అగాధమవుతుంది. పదేండ్లు మొదలు ఇరువది నాలుగేండ్ల వరకు గల నల్లజాతి యువజనుల మరణ కారణాలలో రోగం కాదు, రోడ్డు ప్రమాదం కాదు, హత్యయే మొదటి స్థానంలో ఉన్నది. 2020లో ఆ దేశంలోని పిల్లల, కౌమారుల మరణాలన్నింటిలో తుపాకి మరణాలు మోటారు ప్రమాద మరణాలను మించిపోయి మొదటి స్థానానికి వచ్చినవి. ఆ భారంలో అధిక భాగాన్ని మోసినది నల్లజాతి కుటుంబాలే.

ఇక ఆదిమవాసులైన అమెరికన్ ఇండియనుల సంగతి వేరు. 1992 నుండి 1996 వరకు జరిగిన సర్వేలనుబట్టి వారిలో హింసకు గురి అయినవారి నిష్పత్తి దేశ సగటుకు రెట్టింపును మించినది. మరొక భేదం కూడా ఉన్నది. అమెరికాలో సాధారణంగా తెల్లజాతివాడిని కొట్టినవాడు తెల్లజాతివాడే, నల్లజాతివాడిని కొట్టినవాడు నల్లజాతివాడే అయి ఉంటాడు. ఏలయన మనుష్యులు తమ ఇరుగుపొరుగు చేతులలోనే ఎక్కువగా దెబ్బతింటారు. ఆదిమవాసుల విషయంలో మాత్రం దాడి చేసినవారిలో అత్యధికులు బయటి జాతులవారు. పైగా 1978లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఆదిమవాసుల న్యాయస్థానాలకు బయటివారిని విచారించే అధికారం లేకుండాపోయినది. 2013 తరువాత పార్లమెంటు చట్టాలు ఆ అధికారాన్ని కొన్ని నేరాల వరకు తిరిగి ఇచ్చినవి.

లెక్కలు ఇట్లా ఉండగా, వాటిని చదివేవారి మనస్సు ఒక తొందరపాటుకు లోనవుతుంది. పట్టికలో అడ్డువరుసలకు జాతుల పేర్లు ఉంటవి. ఎదురుగా అంకెలు ఉంటవి. కనుక ఆ అంకెకు కారణం ఆ పేరే అని చదువరి నిశ్చయించుకొంటాడు. ఇట్టి పఠనం నేరస్థుల పట్టికలకు మాత్రమే పరిమితమై ఉంటే ఒక సంగతి. బాధితుల పట్టికను కూడా అట్లే చదవడం దారుణం. దెబ్బతిన్నవాడిని చూచి, అది వాని వంశంలోనే ఉన్నదనడం ఎంతటి అన్యాయం!

మిసోరీ విశ్వవిద్యాలయపు సెయింట్ లూయీ శాఖలో నేరశాస్త్ర ఆచార్యురాలు జానెట్ లారిట్సన్ ఈ పట్టికలను మరొక రీతిగా చదివినారు. జాతీయ సర్వేలో ప్రశ్నింపబడిన 12–17 సంవత్సరాల బాలబాలికల సమాధానాలకు, వారు నివసించే పేటలను గూర్చి జనగణన సేకరించిన వివరాలను జోడించినారు. ఆమె పరిశోధన సారాంశాన్ని అమెరికా న్యాయశాఖ 2003లో ప్రకటించినది. పైపైన చూస్తే నల్లజాతి, హిస్పానిక్ పిల్లలకు కొన్ని విధాల హింస వలన ప్రమాదం తెల్లజాతి పిల్లలకంటె అధికంగా కనిపించినది. కాని ఇంట్లో తల్లి, తండ్రి ఇద్దరూ ఉన్నారా, ఒక్కరే ఉన్నారా; ఆ ఇంట ఎంతకాలంగా ఉంటున్నారు; ఆ పేటలో పేదరికం ఎంత, ఒంటరి తల్లుల కుటుంబాలు ఎన్ని అనే విషయాలలో సరిసమానంగా ఉన్న పిల్లలను ఏరి పోల్చినప్పుడు జాతిభేదం ఇంచుమించు మాయమైపోయినది. అనగా ఒకే తీరు ఇంట, ఒకే తీరు పేటలో పెరుగుతున్న తెల్లజాతి బాలునికి, నల్లజాతి బాలునికి పొంచి ఉన్న ప్రమాదం దాదాపు ఒక్కటే.

ఇద్దరు పెద్దలున్న ఇంటి పిల్లలలో హింసకు గురి అయినవారు వేయికి సుమారు 40 మంది కాగా, ఒక్కరే ఉన్న ఇంటి పిల్లలలో సుమారు 60 మంది. ఈ అంకెను పట్టుకొని ఒంటరి తల్లులను నిందించడానికి పూనుకొనేవారు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉంటారు. పరిశోధన చెప్పినది అంతటితో ఆగలేదు. ఒంటరి తల్లుల కుటుంబాలు అధికంగా ఉన్న పేటలో, తల్లిదండ్రులిద్దరూ ఉన్న ఇంటి పిల్లలకు కూడా ప్రమాదం పెరుగుతుంది. కనుక ఇది ఒక తల్లి శీలానికి, పెంపకానికి సంబంధించిన విషయం కాదు. సాయంకాలం నాలుగు గంటల వేళ వీధిలో ఎందరు పిల్లలున్నారు, వారిని గమనించే పెద్దలు ఎందరున్నారు అనేదే ప్రశ్న. రాత్రి షిఫ్టులో ఆసుపత్రి గచ్చు కడిగే తల్లి ఆ సమయంలో పనికి బయలుదేరుతూ ఉంటుంది.

ఈ సత్యం ఇంతకు ఆరు దశాబ్దాల పూర్వమే శికాగోలో ఒక పటం రూపంలో వెలువడినది. క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే అనే ఇద్దరు పరిశోధకులు అక్కడి బాలనేరస్థుల పరిశోధనాలయంలో పనిచేసేవారు. వారిలో షా అంతకు ముందు ప్రొబేషన్ అధికారిగా పిల్లల వెంట తిరిగినవాడు. ప్రపంచంలో తొలి బాలల న్యాయస్థానాలలో ఒకటి 1899లో శికాగోలోనే వెలసినది. దాని రికార్డులలో వేలకొలది బాలుర ఇంటి చిరునామాలు పడి ఉన్నవి. షా, మెకేలు ఆ చిరునామాలను ఒక్కొక్కటిగా నగర పటంపై గుర్తించినారు. 1900 ప్రాంతపు పటం ఒకటి, 1920 ప్రాంతపుది మరొకటి, 1930 ప్రాంతపుది ఇంకొకటి. మూడు పటాలలోనూ చుక్కలు చిక్కగా క్రమ్ముకొన్నది ఒకే చోట్ల. నగర మధ్యానికి ఆనుకొని, పశువధశాలల చుట్టూ, కర్మాగారాల పొగ నీడలో ఉన్న పేటలవి. దూరం పోయినకొద్దీ చుక్కలు పలుచబడినవి.

ఇంతవరకు ఆశ్చర్యమేమీ లేదు. కాని ఆ మూడు దశాబ్దాలలో ఆ పేటల జనం పూర్తిగా మారిపోయినారు. మొదట జర్మన్లు, ఐరిష్‌వారు, స్వీడన్ నుండి వచ్చినవారు. వారు నాలుగు కాసులు కూడబెట్టుకొని వెలుపలి పేటలకు తరలిపోగా పోలిష్‌వారు, ఇటాలియన్లు దిగినారు. వారి తరువాత నల్లజాతివారు. ఐరిష్‌వారి పిల్లలున్నప్పుడు ఐరిష్ రక్తమే ఉడుకు రక్తమని పత్రికలు వ్రాసినవి. ఇటాలియన్ల పిల్లలున్నప్పుడు కత్తి ఇటలీ సంప్రదాయమన్నారు. జాతులు వచ్చినవి, పోయినవి. చుక్కలు మాత్రం ఆ పేటలను వదలలేదు. వెలుపలి పేటలకు తరలిపోయిన ఐరిష్, ఇటాలియన్ కుటుంబాల పిల్లలలో నేరం తగ్గిపోయినది. అదే రక్తం, వేరు వీధి. ఈ విషయాన్ని వారు 1942లో గ్రంథరూపంలో ప్రకటించినారు. న్యాయస్థానపు రికార్డు పోలీసులు ఎవరిని పట్టుకొన్నారో చెబుతుందే గాని ఎవరు తప్పు చేసినారో పూర్తిగా చెప్పదనే ఆక్షేపణ సమంజసమే. ఆ పటాలు నేరానివి గాని బాధితులవి కావు అన్న ఆక్షేపణకు మాత్రం బలం తక్కువ. బాలుని కొట్టేది చాలావరకు ఈడువాడే. ఇద్దరూ ఒకే వీధివారు. నిన్న కొట్టినవాడు నేడు తన్నులు తింటాడు.

ఐరిష్‌వారు తరలిపోయినారు, ఇటాలియన్లు తరలిపోయినారు. మరి నల్లజాతివారు ఎందుకు తరలిపోలేదు? ఈ కథకంతటికీ ఆయువుపట్టు ఇదే.

1916 మొదలు 1970 వరకు సుమారు 60 లక్షల మంది నల్లజాతివారు దక్షిణ రాష్ట్రాలను వదలి ఉత్తరాది, పశ్చిమాది నగరాలకు వలస వచ్చినారు. శికాగోలో వారికి దక్కినది దక్షిణ భాగాన సన్నని పట్టీ వంటి ప్రాంతం. దానిని దాటి ఇల్లు కొందామంటే దస్తావేజులోనే అడ్డంకి. నల్లజాతివారికి అమ్మరాదు, అద్దెకివ్వరాదు అనే షరతును ఇంటి యజమానులు పరస్పరం వ్రాసుకొనేవారు. 1948లో సుప్రీంకోర్టు అట్టి షరతులను న్యాయస్థానాలు అమలు జరుపరాదని తీర్పు చెప్పేవరకు అవి చెల్లుతూనే ఉండినవి. ఇంతలో ప్రభుత్వమే మరొక అడ్డు నిర్మించినది. 1933లో ఏర్పడిన గృహరుణ సంస్థ 200లకు పైగా నగరాల పటాలు గీయించి, రుణం ఇవ్వడంలో ఎంత భయం ఉన్నదో రంగులతో సూచించినది. ఉత్తమమైన పేటలకు ఆకుపచ్చ, తరువాతి వాటికి నీలం, పసుపు, అన్నింటికంటె ప్రమాదకరమన్నవాటికి ఎరుపు. నల్లజాతివారుండే పేటకు దాదాపు ఎల్లెడలా ఎరుపే. ఎరుపు పడిన చోట బ్యాంకు అప్పు పుట్టదు. అప్పు లేనిదే ఇంటికి మరమ్మత్తు లేదు, కొత్త అంగడి లేదు. మన పల్లెలలో ఊరు అన్న మాటకు పక్కనే వాడ అన్న మాట ఎందుకు పుట్టినదో తెలిసినవారికి ఈ పటాన్ని వేరే వివరించనక్కర లేదు.

బ్యాంకు తలుపులు మూసుకొన్న చోట దళారులు తలుపులు తెరచినారు. శికాగోలోని లాన్‌డేల్ పేటలో నల్లజాతి కుటుంబాలు ఇండ్లను వాయిదాల ఒప్పందంపై కొనేవారు. అసలు విలువకు ఎన్నో రెట్లు అధికంగా వెల. చివరి వాయిదా చెల్లించేవరకు ఇల్లు అమ్మినవాని పేరనే. ఒక్క వాయిదా తప్పితే కట్టినదంతా గాలికి. అందువలన ఇంటిలో ఇద్దరు పెద్దలుంటే ఇద్దరూ రెండేసి పనులు చేసేవారు. పిల్లలు ఎవరి కంటికీ ఆనకుండా పెరిగినారు. మార్టిన్ లూథర్ కింగ్ 1966 జనవరిలో ఈ లాన్‌డేల్‌లోనే ఒక పాడుబడిన ఇంట అద్దెకు దిగి గృహవసతి ఉద్యమం నడిపించినారు. ఆ ఆగస్టు 5న తెల్లజాతివారి పేటలో ఊరేగింపు జరుపుతుండగా ఒక రాయి వచ్చి ఆయన తలకు తగిలినది. 1919 నాటి రాళ్ళు ఇంకా అయిపోలేదు.

ప్రభుత్వం నిర్మించిన ఇండ్లు సైతం ఆ గీత లోపలనే లేచినవి. 1962లో పూర్తి అయిన రాబర్ట్ టేలర్ గృహసముదాయంలో 28 భవనాలు, ఒక్కొక్కటి 16 అంతస్తులు, సుమారు 4,400 వాటాలు. రెండు మైళ్ళ పొడవునా వరుసగా నిలిచిన ఆ గోపురాలలో ఒక్కొక్క పెద్దకు ఇద్దరికి మించి పిల్లలుండేవారు. మామూలు పేటలో లెక్క ఇందుకు తలక్రిందులుగా ఉంటుంది. లిఫ్టు చెడిపోతే, మెట్లమీద దీపం పగిలితే, పదునాలుగేండ్లవాడు పన్నెండేండ్లవానిని గోడకు నొక్కితే, వద్దనడానికి పెద్దవారే కరవు. 1971లో పశువధశాలలు మూతపడినవి. తరువాతి రెండు దశాబ్దాలలో ఉక్కు కర్మాగారాలు మూతపడినవి. చదువు లేకున్నా కుటుంబాన్ని పోషించగలిగిన కూలి పోయినది. శికాగో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉన్న విలియం జూలియస్ విల్సన్ 1987లో ప్రచురించిన గ్రంథంలో ఈ మూతపడడానికీ, ఒంటరి తల్లుల సంఖ్య పెరగడానికీ గల సంబంధాన్ని వివరించినారు. గృహసముదాయాన్ని చివరకు 2007 నాటికి పూర్తిగా కూల్చివేసినారు.

వీధి మంచిదైతే జాతి ఏదైనా పిల్లవాడు క్షేమంగా ఉంటాడనడానికి తిరుగులేని సాక్ష్యం వలసవచ్చినవారి నుండి దొరికినది. రాబర్ట్ శాంప్సన్, ఆయన సహచరులు 1990 దశకంలో శికాగోను 343 పేటలుగా విభజించి 8,782 మందిని ప్రశ్నించినారు. మీ వీధిలో పిల్లలు బడి మానివేసి మూలమీద నిలబడితే ఇరుగుపొరుగు ఎవరైనా కలుగజేసుకొంటారా? పెద్దవారి పట్ల దురుసుగా మాట్లాడితే మందలిస్తారా? అవునని జనం నమ్మిన పేటలలో, పేదరికం ఎంత ఉన్నా, హింస తక్కువగా ఉన్నది. 2005లో వెలువడిన వారి మరొక పరిశీలన ప్రకారం పేదరికం అధికంగా ఉన్నప్పటికీ మెక్సికన్ సంతతి యువజనులలో హింసాప్రవృత్తి తెల్లజాతివారిలో కంటె కొంత తక్కువే. అందుకు ముఖ్య కారణాలుగా తేలినవి కొత్తగా వలసవచ్చిన తరం, అట్టివారు కలిసి నివసించే పేట, తల్లిదండ్రులిద్దరూ ఉన్న ఇల్లు. నల్ల, తెల్ల జాతుల మధ్య హింసాప్రవృత్తిలో కనిపించిన అంతరంలో సగానికి పైగా ఇల్లు, పేట, వలస వంటి కారణాలతోనే విడిపోయినది.

ఇక్కడ మనవారి ప్రసక్తి కూడా తేవలసి ఉన్నది. సర్వేలన్నింటిలో హింసకు తక్కువగా గురి అయ్యే వర్గం ఆసియా సంతతివారిది. శికాగో శివారులలోని అరోరా, నేపర్‌విల్ పట్టణాలలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నవి. అరోరాలో బాలాజీ ఆలయం కూడా వెలసినది. అక్కడ పెరిగే తెలుగు పిల్లల క్షేమానికి మన సంస్కృతియే కారణమని పండుగ సభలలో చెప్పుకోవడం వినసొంపుగానే ఉంటుంది. కాని 1965 నాటి వలస చట్టం ఇంజనీరులకు, వైద్యులకు తలుపు తెరచినది. పట్టా చేతబట్టుకొని దిగిన ఆ వైద్యుడు మొదటి ఇల్లు కొనే నాటికి, జాతి కారణంగా ఇల్లు నిరాకరించరాదన్న 1968 చట్టం కూడా అమలులో ఉన్నది. ఆ చట్టం కోసం ఊరేగింపులు జరిపి రాళ్ళ దెబ్బలు తిన్నవారు లాన్‌డేల్‌వారు.

వీధి దూరం ప్రాణానికే దూరమైన ఉదాహరణ ఒకటి. 1991 తరువాత శికాగో దక్షిణ భాగంలో పెద్దల తీవ్ర గాయాలకు చికిత్స చేసే కేంద్రం ఒక్కటీ లేకుండాపోయినది. 2010లో 18 ఏండ్ల యువకుడొకడు వీధిలో గుండు దెబ్బ తిని పడిపోగా, అతనిని సమీపంలోని పెద్ద ఆసుపత్రిని దాటించి, నగరం నడిమికి సుమారు పది మైళ్ళు తీసుకొనిపోవలసి వచ్చినది. అతడు బ్రతకలేదు. అతని స్నేహితులు, ఇరుగుపొరుగువారు ఏండ్ల తరబడి పోరాడగా 2018 మే నెలలో శికాగో విశ్వవిద్యాలయం ఆ ప్రాంతంలో అట్టి చికిత్సా కేంద్రాన్ని తెరచినది. దెబ్బ తినడంలో ఉన్న అంతరం మరణంలో అగాధం కావడానికి ఇదియొక కారణం.

దెబ్బ తినని పిల్లలు కూడా దీని నుండి తప్పించుకోలేరు. పాట్రిక్ షార్కీ అనే సమాజ శాస్త్రజ్ఞుడు 2010లో ఒక చిన్న పరిశీలనను ప్రకటించినాడు. శికాగోలో నల్లజాతి పిల్లలకు పెట్టిన భాషా పరీక్షల తేదీలను, వారి ఇండ్ల సమీపంలో జరిగిన హత్యల తేదీలతో పోల్చి చూచినాడు. పరీక్షకు ముందటి వారంలో తమ ఇంటి దగ్గరలో హత్య జరిగిన పిల్లలకు, అదే పేటలో అట్టి సంఘటన జరుగని వారంలో పరీక్ష వ్రాసిన పిల్లలకంటె మార్కులు స్పష్టంగా తక్కువ వచ్చినవి. ఆ పిల్లలు హత్యను కండ్లారా చూడనక్కర లేదు. రాత్రి నిద్రపోకుంటే చాలును.

ఈ పరిస్థితి మారదా అంటే, మారినది కూడా. 12–17 సంవత్సరాల వారిపై జరిగే తీవ్ర హింస 1994లో వేయికి 61.9 కాగా 2010 నాటికి 14.0కు దిగినది, అనగా ముప్పాతికకు పైగా తగ్గినది. ఏ జాతి రక్తమూ పదహారేండ్లలో మారదు గదా! ఐతే ఆ కాలపు రెండవ సగంలో, 2002 నుండి 2010 వరకు, తెల్లజాతి పిల్లలలో, హిస్పానిక్ పిల్లలలో తగ్గుదల కొనసాగగా నల్లజాతి పిల్లలలో అది నిలిచిపోయినది.

చిన్న చిన్న ప్రయోగాలు ఎన్నో జరిగినవి. ఫిలడెల్ఫియాలో చెత్త పేరుకొన్న 541 ఖాళీ స్థలాలను తీసుకొని, చీటీలు వేసినట్లు కొన్నింటిని ఎంపిక చేసి శుభ్రపరచి గడ్డి, చెట్లు నాటి, చుట్టూ చిన్న కట్టెకంచె వేసినారు. మిగిలినవాటిని అట్లే వదిలినారు. 2018లో ప్రకటించిన ఫలితాల ప్రకారం పేద పేటలలో శుభ్రపరచిన స్థలాల చుట్టుపట్ల తుపాకి హింస 29 శాతం తగ్గినది. తుపాకులు దాచే చోటు పోయినది. సాయంత్రం కుర్చీ వేసుకొని కూర్చునే చోటు వచ్చినది. శికాగోలో హింస అధికంగా ఉన్న 13 పాఠశాలల విద్యార్థులలో కొందరికి ఎనిమిది వారాలు వేసవి ఉద్యోగం ఇచ్చి, ఉద్యోగం దొరకనివారితో పోల్చగా, తరువాతి పదహారు నెలలలో వారు హింసాత్మక నేరాలకై అరెస్టు కావడం 43 శాతం తగ్గినది.

2009లో ఆ నగరపు దక్షిణ భాగంలో 16 ఏండ్ల విద్యార్థి ఒకడు బడి విడిచిన తరువాత రెండు పేటల కుర్రవాండ్ర కొట్లాట నడుమ చిక్కుకొని దెబ్బలకు మరణించినాడు. ఆ ఏడు నుండి బడి దారులలో పెద్దలను నిలబెట్టే పథకం ఆరంభమైనది. 2013లో సుమారు 50 పాఠశాలలను మూసివేసి పిల్లలను తెలియని వీధుల మీదుగా వేరే బడులకు పంపినప్పుడు ఆ పథకాన్ని విస్తరింపజేసినారు. వారి చేతిలో ఆయుధం ఉండదు. మెరిసే చొక్కా ఒకటి, మాటలాడుకొనే యంత్రం ఒకటి. గంటల లెక్కన కొద్దిపాటి వేతనం. వారిలో చాలామంది ఆ వీధుల తల్లులు, నాయనమ్మలు, పని పోయిన తండ్రులు. వారు నిలబడిన దారులలో హింసాత్మక నేరాలు తగ్గినట్లు తరువాతి పరిశీలనలలో తేలినది. మంచు కురుస్తున్న జనవరి ఉదయాలలో కూడా బడిగంటకు ముందు ఒకసారి, బడి విడిచిన తరువాత మరొకసారి వారు వచ్చి తమ మూలమీద నిలబడుతారు. పిల్లలు ఒక్కొక్కరే దాటిపోతూ ఉంటే పేరు పెట్టి పలకరిస్తారు.